కీచురాళ్లు ఇంట్లోకి రాకుండా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కీచురాళ్ల గురించే. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం. చాలామంది ‘ఏ మందు కొట్టాలి?’ అని మొదలుపెట్టారు. ఆ ప్రశ్నకు జవాబు కాస్త కిందికి వెళ్లాక దొరుకుతుంది. మందు కంటే ముందు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

ప్రశ్న: రాత్రి పదకొండు దాటాక ఒకే ఒక్క కీచురాయి కూత మొదలుపెడుతుంది. లేచి వెతికితే ఆపేస్తుంది. పడుకోగానే మళ్లీ మొదలు. ఏ మూల ఉందో ఎంతకీ తెలియడం లేదు. పట్టుకునే ఉపాయం చెప్పండి.

జవాబు: కూసేది మగ పురుగు ఒక్కటే. కాళ్లు రుద్దుకుంటుందని చాలామంది అనుకుంటారు గానీ, అది రుద్దేది ముందు రెక్కల్ని. ఒక రెక్క అడుగున రంపం పళ్లలాంటి వరస ఉంటుంది, రెండో రెక్క గట్టి అంచు దానిమీద గీసుకుంటుంది. ఆ శబ్దం సుమారు 4 నుంచి 5 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు ఒకే శ్రుతిలో ఉంటుంది. అలాంటి శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో పోల్చుకోవడంలో మనిషి చెవి బలహీనం. పైగా గోడలకూ గచ్చుకూ తగిలి తిరిగొస్తుంది కాబట్టి గదంతా కూస్తున్నట్టే అనిపిస్తుంది. తప్పు మీ చెవులది కాదు.

మీరు కదలగానే ఎందుకు ఆపుతుందంటే, నేల అదురును అది కాళ్లతోనూ, గాలి కదలికను తోక దగ్గరున్న రెండు సన్నటి పోగులతోనూ పసిగడుతుంది. అందుకని చెప్పులు విప్పి, ఫ్యాన్ ఆపి, నెమ్మదిగా నడవండి. కూత ఆగిన క్షణంలో మీరూ ఆగిపోండి. రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడితే చాలాసార్లు మళ్లీ మొదలెడుతుంది. ఇద్దరుంటే పని తేలిక. గదికి చెరో మూల నిలబడి, కూత వినపడగానే ఇద్దరూ చేతితో దిక్కు చూపించాలి. ఆ రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో అక్కడ వెతకాలి. ఒక్కరే ఉంటే తల అటూ ఇటూ తిప్పుతూ వినండి, ఒక చోట విన్నాక రెండడుగులు పక్కకి జరిగి మళ్లీ వినండి.

టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. కీచురాళ్లకు ఎరుపు సరిగా కనపడదు, తెల్ల వెలుగు పడితే పారిపోతాయి. గోడా నేలా కలిసే అంచు వెంబడి చూడండి. ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషిన్ కింద, చెప్పుల స్టాండు, తలుపు వెనక మూల, కుండీల పళ్లేలు ఎక్కువగా దొరికే చోట్లు. ఫ్రిజ్ వెనక కంప్రెసర్ వేడి దానికి హాయి.

కనపడ్డాక చేత్తో కొట్టబోకండి, వెనక కాళ్లతో ఒక్క దూకు దూకుతుంది. వెడల్పు మూతి గాజు గ్లాసు పైనుంచి బోర్లించి, కిందినుంచి గట్టి అట్టముక్క దూర్చి బయట వదిలేయండి. మూలలో ఇరుక్కుంటే వాక్యూమ్ క్లీనర్ గొట్టం లోపల పాత సాక్సు తొడిగి, దాని అంచు గొట్టం మూతికి రబ్బరు బ్యాండుతో బిగించి లాగండి. పురుగు సాక్సులో చిక్కుతుంది, యంత్రంలోకి పోదు.

ఏసీ ఉన్నవాళ్లకి ఇంకో దారి. కూత వేగం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఈ లెక్కను అమెరికా భౌతిక శాస్త్రవేత్త అమోస్ డాల్‌బేర్ 1897లోనే సూత్రంగా రాశాడు. గది చల్లబడే కొద్దీ కూత నెమ్మదిస్తుంది, కదలికా మందగిస్తుంది. ఆ రాత్రి నిద్రకి అది చాలు, పొద్దున్నే వెతకొచ్చు.

ప్రశ్న: వారంలో నాలుగైదు కనపడుతున్నాయి. బయటినుంచి వస్తున్నాయా, ఇంట్లోనే పెరుగుతున్నాయా? ఎలా తెలుస్తుంది?

జవాబు: మిగతా పనంతా ఈ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది, అందుకే ముందు పురుగు ఏ రకమో చూడండి.

రెండున్నర, మూడు సెంటీమీటర్ల పొడవు, నిగనిగలాడే నలుపు, రెక్కలు మొదలయ్యే చోట రెండు పసుపు మచ్చలు ఉంటే అది పొలాల కీచురాయి. దారి తప్పి వచ్చినదే. దానికి గుడ్లు పెట్టడానికి తడి మట్టి కావాలి. మామూలు ఇంట్లో అది కాపురం పెట్టలేదు, కొన్నాళ్లకి చచ్చిపోతుంది. ఇవి ఎన్ని కనపడినా సమస్య మీ గుమ్మానిది, మీ దీపాలది.

లేత గోధుమరంగులో, రెండు సెంటీమీటర్ల లోపు ఉండి, తలమీద అడ్డంగా ముదురు చారలుంటే అది ఇంటి కీచురాయి. ఇంకాస్త చిన్నగా ఉండి, ఒంటిమీద కూడా అడ్డ పట్టీలుండి, రెక్కలు పొట్టిగానో అసలు లేనట్టుగానో కనిపిస్తే అది పట్టీల కీచురాయి. ఈ రెండూ వెచ్చదనం, తేమ, తినడానికి ముక్కలు దొరికితే ఇంట్లోనే తరాలు గడిపేస్తాయి.

రంగు మీద నమ్మకం కుదరకపోతే సైజులు చూడండి. గోడల వెంబడి నాలుగైదు జిగురు అట్టలు పెట్టి వారం తర్వాత తీయండి. అన్నీ పెద్దవే, అవీ గుమ్మం దగ్గర అట్టకే అంటుకుంటే బయటి చుట్టాలు. మూడు, ఐదు మిల్లీమీటర్ల రెక్కల్లేని పిల్లలు, మధ్య సైజువి, పెద్దవి కలిసి, అదీ ఇంటి లోపలి అట్టలకే పడితే లోపల పెరుగుతున్నట్టు. తోక దగ్గర పొడుగాటి సూదిలాంటిది ఉంటే అది ఆడది. ఆ సూదితోనే తడి మట్టిలోకి గుడ్లు దింపుతుంది.

లోపల పెరుగుతుంటే గుడ్లు పెట్టే చోటు వెతికి తీసేయడమే పని. ఇంట్లో కుండీల తడి మట్టి మొదటి అనుమానితురాలు. పై మూడు నాలుగు సెంటీమీటర్ల మట్టి ఎండాకే మళ్లీ నీళ్లు పోయండి, పళ్లెంలో నీరు నిలవనివ్వకండి. సింకు కింద కారే పైపు, ఎన్నాళ్లుగానో కదపని తడి గోనె, చెత్తబుట్ట అడుగున పేరుకున్న తడి కూడా చూడండి. వెచ్చగా, 30 డిగ్రీల దగ్గర ఉంటే గుడ్లు రెండు వారాల్లోపు పిల్లలవుతాయి, ఆ పిల్లలు సుమారు రెండు నెలల్లో పెద్దవవుతాయి. అంటే మూలం తీసేసిన మర్నాడే కూత ఆగిపోదు. జిగురు అట్టల్ని మూడు నెలలు ఉంచండి. పడే సంఖ్య నెలనెలా తగ్గుతుంటే మీరు సరైన చోటే చెయ్యి పెట్టినట్టు.

ప్రశ్న: తలుపు కింద రబ్బరు పట్టీ వేయించాం. అయినా వస్తూనే ఉన్నాయి. పట్టీ వల్ల ప్రయోజనం లేదా?

జవాబు: ప్రయోజనం ఉంది, కానీ చాలా పట్టీలు సరిగా బిగించినవి కావు. ఎక్కడ తేడా వస్తుందో వివరంగా చెప్పుకోవాలి.

ముందు పరీక్ష. రాత్రి ఇంట్లో దీపాలన్నీ ఆపి, బయట నేలమీద టార్చి పడుకోబెట్టి తలుపు వైపు వెలుగు కొట్టండి. లోపల నేలకి తల ఆనించి చూడండి. వెలుగు కనపడిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టండి. పెద్ద కీచురాయిని ఆపడం తేలికే, పిల్ల కీచురాయికి రెండు మూడు మిల్లీమీటర్ల సందు చాలు. ఒకటిన్నర మిల్లీమీటరుకు మించి ఎక్కడా సందు ఉండకూడదన్నది లక్ష్యంగా పెట్టుకోండి.

ఎక్కువగా వెలుగు కనపడేది తలుపు మధ్యలో కాదు, రెండు చివర్ల కింది మూలల్లో. ద్వారబంధానికి తగులుతుందని పట్టీని ఒక సెంటీమీటరు పొట్టిగా కోసేస్తారు, ఆ మూలే పురుగుకి రాచబాట. పురుగులు గోడ అంచు పట్టుకునే నడుస్తాయి కాబట్టి నేరుగా ఆ సందుకే వస్తాయి.

రెండో తప్పు, సందు ఒక్కచోటే కొలవడం. గచ్చు సమంగా ఉండదు. తలుపు మూసి బందుల వైపు, మధ్యలో, గడియ వైపు మూడుచోట్ల కొలవండి. మూడు కొలతల మధ్య తేడా మూడు మిల్లీమీటర్ల లోపైతే రబ్బరు పట్టీ సరిపోతుంది. అంతకు మించితే బ్రష్ పట్టీ తీసుకోండి. దాని పోగులు ఎత్తుపల్లాలకి తగ్గట్టు వంగుతాయి. తలుపు తెరుచుకునే దారిలో గచ్చు ఎత్తుగా ఉన్నా బ్రష్షే నయం, రబ్బరైతే ఇరుక్కుంటుంది, ఇరుక్కుంటోందని పనివాళ్లు పైకి జరిపేస్తారు.

బిగించే పద్ధతి ఇది. తలుపు లోపలికి తెరుచుకునేదైతే పట్టీ లోపలి వైపు, బయటికి తెరుచుకునేదైతే బయటి వైపు రావాలి. రబ్బరునో బ్రష్షునో పట్టి ఉంచే అల్యూమినియం చానెల్ని తలుపు రెక్క వెడల్పు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే తక్కువగా కోయండి. కోసేముందు రబ్బరునో బ్రష్షునో చానెల్ నుంచి లాగేయండి, దాన్ని విడిగా తలుపు పూర్తి వెడల్పుకి కోసి మళ్లీ దూర్చండి. చానెల్‌కి నిలువుగా పొడుగాటి రంధ్రాలుంటాయి. స్క్రూలను ఆ రంధ్రాల మధ్యలో వదులుగా బిగించి, పట్టీని కిందికి దించండి. రబ్బరు నేలను అలా తాకితే చాలు. బ్రష్ పోగులు రెండు మూడు మిల్లీమీటర్లు వంగాలి. అప్పుడు స్క్రూలు గట్టిగా తిప్పండి. చెక్క తలుపుకి ముందే రెండు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో రంధ్రం చేస్తే చెక్క చీలదు. చివరగా మూసిన తలుపు కింద కాగితం పెట్టి లాగండి. ఎక్కడైనా జారుడుగా వచ్చేస్తే అక్కడ ఇంకా సందు ఉన్నట్టే.

మూలల్లో మిగిలిన చిన్న సందుకి ద్వారబంధం అడుగున బ్రష్ ముక్క అంటించండి. పక్కల నిలువు సందులకి అంటించే రబ్బరు పట్టీ వాడండి. స్పాంజి పట్టీ చవగ్గా దొరుకుతుంది గానీ ఇల్లు తుడిచే నీళ్లకి ఉబ్బి, ఊడి, ఏడాది తిరక్కుండానే తీసేయాల్సి వస్తుంది. రెండు రెక్కల తలుపైతే రెక్కలు కలిసే గీతకి పై నుంచి కింది దాకా ఒక పట్టీ వేయాలి, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. చెక్క తలుపు వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. కాబట్టి ఏడాదికి రెండుసార్లు కాగితం పరీక్ష చేసి స్క్రూలు సర్దుకోండి.

ద్వారబంధానికీ గోడకీ మధ్య పగులు ఉంటే సీలెంట్ పూయండి. ఆరు మిల్లీమీటర్లకి మించిన పగుల్లోకి ముందు ఫోమ్ తాడు దూర్చి, ఆపైన సీలెంట్ వేయాలి. లేకపోతే లోపలికి కుంగిపోయి మళ్లీ పగులుతుంది. రంగు వేయాలంటే యాక్రిలిక్ సీలెంట్ తీసుకోండి, సిలికాన్ మీద రంగు నిలవదు.

ప్రశ్న: కిటికీలకి దోమల మెష్ ఉంది, అయినా కిటికీ దగ్గరే కనపడుతున్నాయి.

జవాబు: స్లైడింగ్ కిటికీ అయితే కింది పట్టాలకి బయటివైపు చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అవి వాననీరు పోయేందుకు పెట్టినవి. అక్కడినుంచే వస్తాయి. సిలికాన్‌తో మాత్రం మూసేయకండి, మొదటి పెద్ద వానకే నీళ్లు గదిలోకి పొంగుతాయి. సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ ముక్క కోసి, నాలుగు అంచులకి మాత్రమే సీలెంట్ పెట్టి అంటించండి. అంగుళానికి 16 లేదా 18 గళ్లున్న జాలీ అయితే పిల్లలు కూడా దూరలేవు. గోడల్లో గాలికీ తేమకీ వదిలిన రంధ్రాలకీ ఇదే పద్ధతి. మామూలు స్టీల్ ఉన్ని కుక్కకండి, తుప్పు పట్టి గోడమీద చారలు దిగుతాయి.

మెష్ ఫైబర్‌దో ప్లాస్టిక్‌దో అయితే ఒకసారి చేత్తో తడిమి చూడండి. కీచురాళ్లు దాన్ని కొరికి చిల్లు చేయగలవు. కింది రెండు అడుగుల్లో అలాంటి చిల్లులుంటే అల్యూమినియం లేదా స్టీలు మెష్‌కి మారండి.

ఏసీ పైపులు గోడలోంచి వెళ్లే రంధ్రం కూడా చూడండి. లోపలివైపు ప్లాస్టిక్ మూత చక్కగా కనపడుతుంది, దాని వెనక వేలు పట్టే ఖాళీ ఉంటుంది. అక్కడ సిమెంటు వద్దు, పైపులు అదిరితే పగులుతుంది, సర్వీసుకి వచ్చినవాళ్లు పగలగొట్టాల్సి వస్తుంది. గట్టిపడని సీలింగ్ పుట్టీ నొక్కి పెట్టండి.

ప్రశ్న: మొదటి వానలు పడ్డాక ఒక్కో రాత్రి పదుల సంఖ్యలో వరండాలోకి వచ్చి పడతాయి. మిగతా రోజుల్లో ఏమీ ఉండవు. ఎందుకు?

జవాబు: దీపం. రెక్కలున్న పొలం కీచురాళ్లు రాత్రిపూట ఎగిరి తెల్ల వెలుగుకి వచ్చి పడతాయి. నీలం, అతినీలలోహిత కాంతి ఎక్కువున్న దీపానికి ఎక్కువగా వస్తాయి. చల్లటి తెలుపు బల్బు తీసి పసుపు రంగు ఎల్ఈడీ పెడితే రాక బాగా తగ్గుతుంది, పూర్తిగా మాత్రం ఆగదు.

బల్బు రంగు కంటే దాని చోటు ముఖ్యమని మా అభిప్రాయం. గుమ్మానికి సరిగ్గా పైన దీపం ఉంటే పురుగు వచ్చి పడేది మీ గడప మీదే, అక్కడినుంచి సందు వెతుక్కుంటుంది. అదే దీపాన్ని నాలుగైదు మీటర్ల దూరంలో స్తంభానికో ప్రహరీకో పెట్టి, వెలుగు మాత్రం గుమ్మం మీద పడేలా తిప్పితే అవి అక్కడే ఆగుతాయి. మనిషి కదిలితే వెలిగే సెన్సర్ దీపం ఇంకా మంచిది. అలాంటి రాత్రుల్లో కిటికీ తెరలు వేసేయండి, లోపలి వెలుగు బయటికి కనపడినా పిలిచినట్టే.

పొద్దున్నే వరండా ఊడ్చేటప్పుడు వాటిని పూలకుండీల వెనక్కి తోయకండి. చీపురుతో పళ్లెంలోకి ఎత్తి దూరంగా పారేయండి. గోడకి ఆనించి పేర్చిన ఇటుకలు, కట్టెలు, ఎండాకుల కుప్ప, మూతలేని అట్టపెట్టెలు పగటిపూట వాటి ఆశ్రయం. గోడ నుంచి కనీసం అరమీటరు వెడల్పు నేలని ఖాళీగా ఉంచండి, కుదిరితే కంకర పరవండి. గడ్డి పొట్టిగా ఉంచండి. ఈ పనికి ఖర్చు దాదాపు ఉండదు, ఫలితం మాత్రం మందు కంటే ఎక్కువ రోజులుంటుంది.

ప్రశ్న: వాడకంలో లేని బాత్రూంలో కీచురాళ్లు ఎక్కడినుంచి వస్తాయి? ఒకసారి బకెట్ నీళ్లలో చచ్చిన కీచురాయి పక్కన నల్లటి దారంలాంటి పొడుగాటి పురుగు మెలికలు తిరుగుతూ కనిపించింది. పిల్లలు ఆ నీళ్లు ముట్టుకున్నారు. భయంగా ఉంది.

జవాబు: దారం పురుగు గురించి ముందు చెబుతాం. అది కీచురాయి పొట్టలో పెరిగే పరాన్నజీవి. పెద్దదయ్యాక నీళ్లలోనే బయటికి రావాలి, అందుకని తాను దాగిన కీచురాయి నీళ్లవైపు వెళ్లేలా చేస్తుంది. బకెట్లో, టాయిలెట్లో కనపడేది అందుకే. ఒక మిల్లీమీటరు మందం, జానెడు, ఒక్కోసారి మూరెడు పొడవు కూడా ఉంటుంది. మనుషుల ఒంట్లో గానీ కుక్కలు పిల్లుల ఒంట్లో గానీ అది పెరగదు. నీళ్లు పారబోసి, బకెట్ సబ్బుతో కడిగి, పిల్లల చేతులు కడిగించండి. అంతకు మించి చేయాల్సింది లేదు.

ఇక దారి. నేలమీది నహానీ ట్రాప్‌లో (నీళ్లు పోయే జాలీ కింది గిన్నెలాంటి భాగంలో) ఎప్పుడూ సుమారు 50 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉండాలి, అదే కిందినుంచి వచ్చేవాటికి అడ్డు. వాడని బాత్రూంలో ఆ నీరు కొన్ని వారాల్లో ఆవిరైపోతుంది. వాసన కూడా వస్తుంటే ఇదే కారణం. వారానికోసారి ఒక లీటరు నీళ్లు పోయండి. నెలల తరబడి ఊళ్లో లేకపోతే నీళ్లు పోశాక రెండు చెంచాల వంటనూనె వేయండి, పైన పొరలా తేలి ఆవిరిని నెమ్మదింపజేస్తుంది. జాలీ మూత వదులుగా కదులుతుంటే మార్చండి. గోడలోకి పైపులు దూరే చోట స్టీలు గుండ్రటి మూత వెనక సందు ఉంటుంది, దాన్ని సిలికాన్‌తో మూయండి.

ప్రశ్న: ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ యంత్రం కొన్నాం. నెల అయింది, తేడా లేదు. పాడైపోయిందా?

జవాబు: పాడవలేదు, పనిచేసినా ఇంతే. ఆ యంత్రం చేసే, మన చెవికి అందని సన్నటి శబ్దం కీచురాయికి వినపడుతుంది, అది నిజమే. ఎగురుతున్నప్పుడు గబ్బిలం అరుపు వినపడితే పక్కకి తప్పుకుంటుంది. కానీ మీ ఇంట్లోది ఎగరడం లేదు, బీరువా కింద కూర్చుని ఉంది. అంత సన్నటి శబ్దం గోడనీ సామాన్లనీ దాటి పోలేదు, దూరం పెరిగేకొద్దీ త్వరగా క్షీణిస్తుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి యంత్రాలు అమ్మే అరవైకి పైగా తయారీదారులకూ దుకాణాలకూ, ఆధారం లేని ప్రకటనలు చేయవద్దని 2001లోనే హెచ్చరిక లేఖలు పంపింది.

నాఫ్తలీన్ గోళీల గురించి కూడా ఇద్దరు అడిగారు. మూత పెట్టిన పెట్టెలో పనిచేస్తాయి, తెరిచి ఉన్న గదిలో ఆవిరి చెదిరిపోతుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లలకి ఆ ఆవిరి రక్తకణాలు పగిలిపోయేంత ప్రమాదం. గది మూలల్లో పడేయకండి.

ప్రశ్న: చివరికి మందే కొట్టాలనుకుంటే ఎలా? తెల్లటి డయాటమ్ పొడి చల్లాం, దానిమీదే నడిచి వెళ్లిపోతున్నాయి.

జవాబు: పొడి సంగతి ముందు. డయాటమ్ పొడి, అంటే సూక్ష్మమైన నీటి నాచు శిలాజాల పొడి, విషం కాదు. పురుగు ఒంటి మీది మైనపు పొరని పీల్చి, గీరి, ఒంట్లో తడి పోయేలా చేస్తుంది. అందుకే వెంటనే చావదు, రోజులు పడుతుంది. తడి తగిలితే పొడి పనిచేయడం ఆపేస్తుంది, ఆరాకే మళ్లీ పనికొస్తుంది. కుప్పగా పోస్తే పురుగు చుట్టూ తిరిగి పోతుంది. కంటికి లీలగా కనిపించేంత పల్చగా ఉండాలి. మెత్తటి బ్రష్‌తోనో సాస్ సీసా మూతితోనో ద్వారబంధం పగుళ్లలోకి, స్విచ్ బోర్డుల వెనక కాకుండా అల్మరా కింద పొడి చోట్లలోకి ఊదండి. ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఈత కొలనుల వడపోతకి వాడే రకం కొనకండి, అందులో ఊపిరితిత్తులకి హాని చేసే స్ఫటిక సిలికా ఎక్కువ.

ద్రవం మందు వాడితే ఇంటి బయటే వాడండి. డెల్టామెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు దీనికి వాడతారు. గోడ అడుగున చుట్టూ ఒక పట్టీలా, గోడమీదికి కొంత, నేలమీదికి కొంత, గడప కింద, పైపులు దూరేచోట కొడతారు. ఎంత వెడల్పు, ఎంత నీటికి ఎంత మందు అన్నది డబ్బా మీది చీటీలో ఉన్నదే కొలత. ‘ఇంకో మూత ఎక్కువ’ వేస్తే పురుగు ఎక్కువగా చావదు, మీకే ప్రమాదం. సాయంత్రం, గాలీ వానా లేనప్పుడు కొట్టండి.

ఎందుకు విఫలమవుతుంది? సున్నం గోడ, గరుకు సిమెంటు ద్రవ మందుని లోపలికి పీల్చేసుకుంటాయి, పైన ఏమీ మిగలదు. అలాంటి గోడకి నీళ్లలో కరగకుండా తేలే పొడి రకమో చిక్కటి సస్పెన్షన్ రకమో నయం. దుమ్ము ఊడ్వకుండా కొడితే మందు దుమ్ముకి అంటుకుని గాలికి పోతుంది. మర్నాడే వరండా కడిగితే అంతా కాలవలోకి. ఎండ కూడా కొన్ని వారాల్లో దాన్ని విరిచేస్తుంది.

ఈ మందులు చేపలకి చాలా ప్రమాదం. కాలవ చెరువులోకి పోతుంటే అసలు వద్దు. ఇంట్లో అక్వేరియం ఉంటే మూత గట్టిగా కప్పి, గాలి పంపు ఆపి, మందు ఆరాకే మళ్లీ పెట్టండి. పెర్మెత్రిన్ పిల్లులకి విషం, పిల్లి ఉన్న ఇంట్లో ఆ పేరున్న డబ్బా వద్దు. పూసిన మొక్కలమీద పడనివ్వకండి, తేనెటీగలు చస్తాయి.

ఇంట్లో గాల్లోకి కొట్టే స్ప్రే దాదాపు వృథా. ఎదురుగా ఉన్న ఒక్కటి చస్తుంది, బీరువా కింద ఉన్నవాటికి తెలియనే తెలియదు. దానికి బదులు జిగురు అట్టలు గోడకి ఆనించి పెట్టండి, గది మధ్యలో పెడితే ఏమీ పడవు. లేదంటే వెడల్పు మూతి సీసాలో ఒక వంతు మొలాసిస్‌కి (చెరకు మడ్డికి) పది వంతుల నీళ్లు కలిపి, రెండు సెంటీమీటర్ల లోతు పోసి, ఎక్కడానికి బయట గరుకు కాగితం అంటించి ఉంచండి. వాసనకి వచ్చి దూకి మునుగుతాయి. రెండు రోజులకోసారి మార్చండి, లేకపోతే చీమలొస్తాయి.

ప్రశ్న: ఉన్ని శాలువాకి చిల్లులు పడ్డాయి. కీచురాళ్ల పనేనా?

జవాబు: కావచ్చు. ఉన్ని, పట్టు, నూలు అన్నీ కొరుకుతాయి, ముఖ్యంగా చెమట, తిండి మరకలు ఉన్నచోట. చిల్లు అంచులు గరుకుగా, మరక ఉన్నచోటే ఉంటే కీచురాయి అనుమానం. సన్నటి పట్టు గూళ్లు, దారపు గొట్టాలు పక్కనే కనపడితే బట్టల చిమ్మట పిల్ల పురుగులు. ఏదైనా పని ఒకటే: ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, మూత బిగుసుకునే పెట్టెలో పెట్టండి. ఉతకని బట్టలు రాత్రంతా నేలమీద ఉంచకండి.

ప్రశ్న: కిందనున్న స్టోర్ రూంలో గూని వీపు, చాలా పొడుగు కాళ్లు, పొడుగు మీసాలున్నవి గుంపుగా ఉన్నాయి. ఒక్కటీ కూయదు. మీదికి దూకుతాయి.

జవాబు: అవి ఒంటె కీచురాళ్లు. రెక్కలే లేవు, అందుకే కూయలేవు. మీదికి దూకడం దాడి కాదు, బెదిరి దూకుతాయి. వీటికి కావాల్సింది తేమ ఒక్కటే. డీహ్యూమిడిఫైయర్‌తోనో ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తోనో గదిలో తేమ 50 శాతం దగ్గరికి దించండి, నేలమీది అట్టపెట్టెలు ఎత్తుమీద పెట్టండి, కారే పైపు బాగు చేయించండి. వేరే మందు అక్కర్లేదు.

ప్రశ్న: మా పిల్లి కీచురాళ్లని పట్టి తింటుంది. పరవాలేదా?

జవాబు: ఒకటీ అరా తింటే ఏమీ కాదు. అయితే కుక్కలకీ పిల్లులకీ వచ్చే ఒక రకం కడుపు పురుగుకి కీచురాయి మధ్యవర్తి. తరచూ వాంతులు చేసుకుంటుంటే పశువైద్యుడికి కీచురాళ్లు తింటుందని తప్పక చెప్పండి. మందు కొట్టిన రోజుల్లో మాత్రం బయటికి వదలకండి.

ప్రశ్న: బల్లులకీ చేపలకీ మేతగా తెచ్చిన కీచురాళ్ల డబ్బా ఒరిగి అన్నీ ఇంట్లోకి పారిపోయాయి. ఏం చేయాలి?

జవాబు: మేతకి అమ్మేవి ఎక్కువగా ఇంట్లో పెరగగల రకాలే. కాబట్టి తాత్సారం వద్దు. ఆ రాత్రే గోడల వెంబడి గుడ్ల అట్ట ట్రేలు బోర్లించి, ఒక్కోదాని కింద చిటికెడు చేపల మేతా తడిపిన దూది ముక్కా పెట్టండి. తెల్లారేలోపు చాలావరకు వాటి కిందే చేరతాయి. ట్రేని ఒక్కసారిగా లోతైన బకెట్లోకి దులపండి. వారం రోజులు ఇలాగే. ఇకపై నున్నటి ప్లాస్టిక్ గోడలున్న, 40 సెంటీమీటర్ల లోతు డబ్బా వాడండి. మూతకి ప్లాస్టిక్ జాలీ కాదు, లోహపు జాలీ వేయండి.

ప్రశ్న: మా ఇంట్లో కూత సరిగ్గా నిమిషానికొక్కటే, పగలూ రాత్రీ తేడా లేదు. వెతికినా పురుగు కనపడదు.

జవాబు: గడియారం పట్టి చూడండి. కచ్చితంగా అరనిమిషానికో నిమిషానికో ఒక్క ‘కీచ్’ అంటే అది పురుగు కాదు. పైకప్పుకున్న పొగ అలారం బ్యాటరీ అయిపోవస్తోంది. మార్చండి.

ప్రశ్న: పచ్చికలో వేళ్లు తెగిపోయి గడ్డి పట్టుకుంటే ఊడి వస్తోంది. మట్టిలో బొరియలున్నాయి. రాత్రి దీపం కిందికి పార కాళ్లలాంటి ముందుకాళ్లున్న పురుగొచ్చింది. అది ఇంట్లో దూరుతుందా?

జవాబు: అది మట్టి తవ్వే కీచురాయి. ఇంట్లోకి వచ్చినా బతకలేదు, బయట మాత్రం గడ్డిని నాశనం చేస్తుంది. ఎన్ని ఉన్నాయో తేల్చుకోవడానికి 45 మిల్లీలీటర్ల గిన్నెలు తోమే ద్రవాన్ని ఏడున్నర లీటర్ల నీళ్లలో కలిపి, రెండడుగులు పొడవు, రెండడుగులు వెడల్పున్న చోట నెమ్మదిగా పోయండి. ఉంటే మూడు నిమిషాల్లోపే పైకి వస్తాయి. మట్టి ఎండిపోయి ఉంటే ముందురోజు తడపండి, లేకపోతే అవి లోతుకి వెళ్లి ఉంటాయి, పరీక్ష తప్పుతుంది. రెండో మూడో దాటి పైకొస్తే అప్పుడే పచ్చికకి మందు గురించి ఆలోచించాలి. అదీ పిల్లలు చిన్నవిగా ఉన్నప్పుడు. పెద్దవయ్యాక మందుకి లొంగవు.